ఇదీ ఒక సాక్ష్యమేనా!

చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో వెనక బెంచీలోంచి ఒక కొత్త మనిషి లేచాడు.

మైకు మామ పరుగున వెళ్లి మైకు అందించాడు. మైకుసెట్లు అద్దెకిచ్చే షాపు ఆయనది. ఆదివారం చర్చికి మాత్రం ఉచితం. అందుకని చర్చిలో ఎవరు ఎంతసేపు మాట్లాడాలో తేల్చేది కూడా ఆయనే.

"అందరికీ వందనాలు. ఈ వీధి చివర పంక్చర్ షాపు నాది. దేవుణ్ని ఒక మాట అడిగి చాలా ఏళ్లయింది. ఈ వారం కూడా జవాబు రాలేదు. అయినా వచ్చాను."

అంతే. కూర్చున్నాడు.

హల్లెలూయ అనబోయిన నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి.

మైకు మామకు ఒంటికి కారం రాసుకున్నట్టయింది. ఇదీ ఒక సాక్ష్యమేనా! ఉద్యోగం వచ్చిందనాలి, జ్వరం తగ్గిందనాలి. ఏమీ రాలేదని చెప్పడానికి మైకు దేనికి?

వెంటనే మైకు లాక్కుని తన సాక్ష్యం మొదలుపెట్టాడు. సంఘంలో అది చంటిపిల్లలకు కూడా కంఠతా వచ్చు.

"ఎనిమిదేళ్ల కిందట, మేం వేరే ఊళ్లో ఉండగా బడి బస్సు కాలవలో పడింది. ఏడుగురు పిల్లలు పోయారు. మా అమ్మాయిని మాత్రం ఎవరో చెయ్యి పట్టుకుని లాగి గట్టున పడుకోబెట్టారు. అది కళ్లు తెరిచి చూస్తే ఎవ్వరూ లేరు! దేవదూత కాక ఇంకెవరు?"

"హల్లెలూయ!" చర్చి దద్దరిల్లింది.

నిజం చెప్పాలంటే, దేవుడు మైకు మామ మొర విన్నది ఆ ఒక్కసారే. తర్వాత భార్య మంచాన పడింది. ఎంత మొత్తుకున్నా పైనుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆమె పోయింది. ఆ ఒక్క సాక్ష్యమూ పోతే ఆయన దగ్గర చెప్పుకోవడానికి ఇంకేమీ మిగలదు.

మరుసటి ఆదివారం పంక్చర్ ఆయన మళ్లీ లేచాడు.

"ఈ వారం కూడా లేదు. అయినా వచ్చాను."

మూడో ఆదివారమూ అదే పాట.

ఆ సాయంత్రం కూతురు అడిగింది.

"నాన్నా, దేవదూత నా చెయ్యే ఎందుకు పట్టుకుంది? ఆ ఏడుగురి చేతులు కనపడలేదా?"

"ఎవరే నీకు ఇవన్నీ నూరిపోసేది? ఆ పంక్చర్ వాడేనా?"

"ఆయనేం చెప్పలేదు. సైకిలుకు గాలి కొట్టి, బాగా చదువుకో తల్లీ అంటాడు, అంతే. అడిగేది నేను."

మైకు మామకు చాలా భయం వేసింది. పిల్ల నమ్మకం పోయేలా ఉంది. దానితో పాటు తనదీ పోయేలా ఉంది.

ఆదివారం పంక్చర్ ఆయన మైకు అందుకోగానే మామ స్విచ్ కట్టేశాడు.

అతను మైకును ఒకసారి తట్టి చూశాడు. బెంచీ మీద పెట్టాడు. గొంతెత్తాడు.

"ఈ వారం కూడా జవాబు రాలేదు! అయినా వచ్చాను!"

మైకులో కంటే గట్టిగా వినపడింది.

ఆరాధన అయ్యాక మైకు మామ గేటు దగ్గర అడ్డం నిలబడ్డాడు.

"ఏమయ్యా, నీకు ఇంకో చర్చి దొరకలేదా?"

"బోలెడు దొరికాయన్నా. నాకు ఇక్కడే బాగుంది."

"దేవుడు లేడని చాటింపు వెయ్యడానికా?"

"పలకడం లేదన్నాను గానీ లేడనలేదే! లేనివాడితో ఎవరైనా పోట్లాడతారా?"

"పలకనివాడి దగ్గరికి రావడం దేనికి మరి?"

పంక్చర్ ఆయన నవ్వాడు.

"పలకడం, పలకకపోవడం ఆయనిష్టం. పిలవడం నా ఇష్టం. నా నోరు మూయించాలంటే ఆయనే దిగొచ్చి జవాబు చెప్పాలి. అప్పటిదాకా వదిలేది లేదు."

"నీ మొండితనం నీ దగ్గరే పెట్టుకో. నీ మాటలు విని మా అమ్మాయి కుమిలిపోతోంది. తనొక్కతే ఎందుకు బతికానా అని రాత్రీ పగలూ అదే ఆలోచన."

అతని మొహంలో నవ్వు చప్పున ఆరిపోయింది.

"పిల్ల బాధపడుతోందా?"

"ఆఁ! నీ పుణ్యమే."

"అయితే రానులే అన్నా."

దేవుడి మౌనానికి లొంగని మనిషి ఆ ఒక్క మాటకు లొంగిపోయాడు. మైకు మామ కొండను కదిలించినంత సంబరపడ్డాడు.

రెండు ఆదివారాలు ప్రశాంతంగా గడిచాయి. ఆ వెంటనే పాస్టరు గారు ఫోన్ చేశారు.

"సమాధుల తోటకు మైకు తీసుకురండి. పంక్చర్ ఆయన పోయాడు. గుండెపోటు."

తీరా వెళ్తే తోటలో ఉన్నది నలుగురు.

"నలుగురికి మైకెందుకు అయ్యగారూ?" అని గొణిగాడు మామ.

"ఆ రోజు ఆయనకు దక్కలేదు కదా. ఇవాళైనా ఆయన కోసం మోగనివ్వండి."

మైకు మామ తల దించుకున్నాడు. వైర్లు కలిపాడు. పెట్టెను గోతిలోకి దించారు. ప్రార్థన అయింది, మట్టి వేశారు. మిగతావాళ్లు వెళ్లిపోయాక ఆయన ఉండబట్టలేక అడిగాడు.

"ఇంతకీ ఆయన దేవుణ్ని ఏమడిగాడండీ?"

"చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. తెలిస్తే ఆ పిల్ల బతికినందుకు కుమిలిపోతుందన్నాడు. కానీ మీకైనా తెలియాలి."

"ఏ పిల్ల?"

పాస్టరు గారు మైకు కట్టేసి, దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పారు.

"బడి బస్సు కాలవలో పడిన రోజు బురదనీళ్లలో చేతికందిన చెయ్యి తన కూతురిదే అనుకుని లాక్కొచ్చి, గట్టున పడుకోబెట్టి మొహం చూశాడు; మీ అమ్మాయి కళ్లు తెరిచేసరికి, ఆయన తన కూతురి కోసం మళ్లీ కాలవలోకి దూకేశాడు."