ఎదురొచ్చిన ఇల్లు

పడవ దిగి నాలుగడుగులు వేసిందో లేదో, బెనిల్డాకు ఒక ఇల్లు ఎదురొచ్చింది.

నిజంగానే ఇల్లు. వెదురు గోడలు, ఆకుల కప్పు, కిటికీలోంచి తొంగి చూస్తున్న కోడిపెట్టతో సహా. కింద ముప్ఫై జతల కాళ్లు. ముందు ఒకాయన గిటారు వాయిస్తూ వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు.

"దారి! దారి!" అని ఇంటికింద నుంచి కేకలు.

మనీలా చర్చి నుంచి ఆమె వెంట వచ్చిన ఐదుగురూ పక్కకు తప్పుకుని పకపకా నవ్వారు.

బెనిల్డాకు మాత్రం నవ్వు రాలేదు. పెద్ద పాస్టరుగారు మొదటిసారి ఆమెను నమ్మి మిషన్ యాత్ర అప్పగించారు. పడవ నిండా రేకులు, సిమెంటు, కలప. ఈ ఊరివాళ్లు ఆరేళ్లుగా బాస్కెట్‌బాల్ కోర్టులోనే ప్రార్థన చేసుకుంటున్నారు. వాళ్లకో మందిరం కట్టిపెట్టాలి. కానీ స్థలం ఇంకా తేలలేదు. మధ్యాహ్నంలోగా ఖాళీ స్థలం, దాని సొంతదారు ఒప్పుకోలు చూపించకపోతే సామానంతా పక్క ఊళ్లో దించేయమని పాస్టరుగారి ఆజ్ఞ.

"ఊరిపెద్ద, కెప్టెన్ క్రిసాంతో గారు ఎక్కడున్నారు?" అని అడిగింది.

"ఇక్కడ!" ఇల్లే జవాబు చెప్పినట్టుంది. "ముందు భుజం పట్టండి సిస్టర్, మాటలు తర్వాత!"

"స్థలం సంగతి..."

"మధ్యాహ్నానికల్లా సిద్ధం! పట్టండి, పట్టండి!"

చేసేది లేక ఆరుగురూ వెదురు గెడల కింద దూరారు. పొలం గట్లు, మోకాటిలోతు బురద. ఒక చెప్పు బురదకే దానం చేసి బెనిల్డా ముందుకు నడిచింది.

పక్కనే గరిటె చేతబట్టుకుని నడుస్తున్న ముసలావిడ ఊరుకోలేదు.

"ఏయ్ మనీలా పిల్లా! మోస్తున్నావా, వేలాడుతున్నావా?"

అందరూ గొల్లుమన్నారు. ఇల్లు ఊగింది. పెట్ట తిట్టింది.

"లూదివినా అవ్వా, నవ్వించకు! ఇల్లు కూలుతుంది!" అని కెప్టెన్ మొత్తుకున్నాడు.

చివరికి ఏటి పక్క కొబ్బరితోట చివర ఇల్లు దింపారు. దోమలకు తప్ప ఎవరికీ పనికిరాని చోటు. పాపం, ఎవరొస్తారో ఇక్కడ కాపురానికి అనుకుంది బెనిల్డా.

అక్కడ అప్పటికే పెద్ద గుండిగలో అల్లం, కోడిమాంసం వేసిన గంజి ఉడుకుతోంది. లూదివినా అవ్వ ఒక్కొక్కరికీ పోస్తూ, ఒక్కొక్కరినీ ఏదో ఒకటి అంటూ, బెనిల్డా దగ్గరికి వచ్చింది.

"తింటావా?"

"వద్దవ్వా, నాకు పనుంది."

"తిన్నాక పనెక్కడికీ పారిపోదులే."

బెనిల్డాకు చిర్రెత్తుకొచ్చింది.

"మీకేం! గరిటె తిప్పుతూ జోకులేస్తారు. అక్కడ పడవ వెళ్లిపోతుందేమోనని నా ప్రాణం పోతోంది. ఈ ఊళ్లో ఎవరో భూస్వామి జానెడు నేల ఇవ్వడానికి ఆరేళ్లుగా నాన్చుతున్నాడట. దేవుడి పనికి కూడా మనసు రాని మనిషి!"

గంజి తాగుతున్న వాళ్లంతా ఠక్కున ఆగిపోయారు. గిటారాయనకు పొలమారింది.

అవ్వ మాత్రం గలగలా నవ్వింది.

"నిజమే తల్లీ, నేనెరుగుదును. మహా మొండి ఘటం. నిన్నటిదాకా ససేమిరా అన్న ఘటం."

"చూశారా!"

"సరే, తిని తిట్టు. ఖాళీ కడుపుతో తిడితే గొంతు పోతుంది."

గిన్నె చేతిలో పెట్టేసింది. కోపంగానే మొదలుపెట్టిన బెనిల్డా, రెండో గిన్నె అడిగి మరీ తాగింది.

"రండి సిస్టర్, స్థలం చూపిస్తాను," అన్నాడు కెప్టెన్.

ఊరి నడిబొడ్డున, బావి పక్కన, వరద నీళ్లు ఎక్కని మెరక. ఎర్రమందారాల కంచె. మధ్యలో అప్పుడే పీకిన స్తంభాల గుంటలు ఎనిమిది. కెప్టెన్ జేబులోంచి తీసిన కాగితం మీద వేలిముద్ర.

బెనిల్డా ఎగిరి గంతేసింది. ఒడ్డున ఉన్న పడవవాళ్లకు వినపడేలా, "దించండి! అన్నీ దించండి!" అని కేక పెట్టింది.

ఆ తర్వాత ఆ గుంటల వైపు చూసింది.

"ఇక్కడ ఇల్లుండేదా?"

"పొద్దుటిదాకా ఉంది. మనం మోసింది అదే. యాభై ఏళ్ల కాపురం, పిల్లలంతా పుట్టిందీ ఇక్కడే. వదలాలంటే కష్టమే కదా. నిన్న సాయంత్రం పిలిచి, తీసుకోండిరా అన్నారు."

బెనిల్డాకు తల కొట్టేసినట్టయింది. ఊళ్లోకెల్లా మంచి చోటు ఇచ్చి దోమల్లోకి వెళ్లిన మనిషినా తను అంతంత మాటలంది!

"ఆయన్ని చూపించండి కెప్టెన్ గారూ. పెద్దలకు మొక్కే పద్ధతిలో ఆయన చెయ్యి నా నుదుటికి ఆనించుకుని క్షమాపణ అడగాలి."

"ఆయనెవరు సిస్టర్?" కెప్టెన్ నవ్వాడు. "మీ మనీలాలో పద్ధతి ఎలాగో గానీ, మా ఊళ్లో ఇల్లు మోసినవాళ్లకి గంజి వండి పోసేది ఆ ఇంటి మనిషే."