మాంత్రికుడి ప్రాణం

చిలకలో మాత్రం ఉండదు. చిలకలో దాచే రోజులు పోయాయి. గుహలో మండే ఆ దీపంలోనో, రాకుమారి జడలోని పువ్వులోనో ఉండాలి. లేకపోతే వాడి నీడలోనే ఉందేమో. తన నీడకు తనే కాపలా కాసేవాణ్ణి ఎవరు మాత్రం చంపగలరు?

కోరుకొండ రేకుల సినిమా హాలు ముందు నిలబడి సత్తిరాజు ఇలా ఆలోచిస్తున్నాడు. పగలంతా ఇన్సూరెన్సు ఆఫీసులో జనం ప్రాణాలకు పాలసీలు రాసే గుమాస్తా అతను. సాయంత్రమైతే అద్దె పుస్తకాల షాపులో మాంత్రికుల నవల ఒక్కటీ వదలడు. ఈ జానపద సినిమా వచ్చినప్పటినుంచీ హాలునీ వదల్లేదు. అయినా అందులో మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో అతనికి ఇప్పటికీ తెలియదు.

కారణం లోవమ్మ. అమ్మవారు త్రిశూలం ఎత్తి, "నీ ప్రాణం ఎక్కడుందో నాకు తెలుసు. అది..." అనగానే ఆడవాళ్ళ బెంచీల్లో లోవమ్మ కేక పెట్టి లేస్తుంది. జుట్టు విరబోసుకుని ఊగిపోతుంది. లైట్లు వెలిగి తెర వెలిసిపోతుంది. జనం బెంచీలెక్కి దండాలు పెడతారు. మేనేజరు హారతి పళ్ళెంతో వస్తాడు. అంతా సద్దుమణిగి లైట్లు ఆరేసరికి తెరమీద పెళ్ళి జరుగుతూ ఉంటుంది. సాక్షాత్తూ అమ్మవారే వచ్చి వెళ్ళిందని అందరూ తృప్తిగా ఇళ్ళకు పోతారు, సత్తిరాజు తప్ప.

ఇక ఆగలేక, హాలు గుమ్మం పక్కన వేరుశనక్కాయలు అమ్ముకుంటున్న లోవమ్మ దగ్గరికే వెళ్ళాడు.

"లోవమ్మగారూ, ఈ మ్యాట్నీతో ఆఖరు. సాయంత్రం బస్సుకి సినిమా రీళ్ళ పెట్టె తుని వెళ్ళిపోతుందట."

"ఎల్లనివ్వండి బాబూ. శనక్కాయలు పొయ్యమంటారా?"

"ఈ ఒక్క ఆటకీ మీరు... లేవకుండా కూర్చోగలరా?"

"అమ్మోరొస్తే నా చేతుల్లో ఉంటదాండి?"

"ఆవిడ రోజూ సరిగ్గా అక్కడే ఎందుకొస్తుందండి? పాటలప్పుడు రావచ్చు కదా."

లోవమ్మ నవ్వు ఆపుకుంది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "మొదటి రోజు నిజంగానే వచ్చిందండి. తర్వాత మేనేజరు బాబే రోజూ రమ్మన్నారు."

"అమ్మవారినా?"

"నన్నండి. నువ్వు లేవకపోతే నా హాలు మిగలదు అన్నారు. ఎందుకో నాకూ తెలీదు."

పూనకం చూడ్డానికే జనం వస్తున్నారు కాబోలు అనుకున్నాడు సత్తిరాజు. "ఒక్క ఆటకి సెలవు పెట్టండి. ఆ మాంత్రికుడి ప్రాణం ఎక్కడుందో తెలియకుండా చచ్చిపోతే నా ప్రాణం ఈ హాల్లోనే తిరుగుతుంది."

"పాలసీలు రాసే బాబులు అట్టాంటి మాటలనకూడదండి." ఆమె అతని మొహంలోకి చూసింది. జాలి కలిగినట్టుంది. "సరే, కూచుంటాను. తర్వాత నన్ననకండి."

సినిమా మొదలైంది. నిజానికి లోవమ్మ మీద అతనికున్నది కోపం కాదు, అసూయ. తనని తాను మరిచిపోవడం సత్తిరాజుకి ఎన్నడూ చేతకాలేదు. గుడిలో దండం పెట్టుకుంటున్నా, ఇంకొకడెవడో వెనక నిలబడి ఆ దండాన్ని పరీక్షగా చూస్తున్నట్టుండేది. మాంత్రికుల నవల చేతిలో ఉన్నంతసేపే ఆ రెండోవాడు పక్కకి తప్పుకునేవాడు. చివరి పేజీ తిప్పగానే మళ్ళీ తయారు.

తెరమీద అమ్మవారు త్రిశూలం ఎత్తింది. సత్తిరాజు బెంచీ అంచుకి జరిగాడు.

"నీ ప్రాణం ఎక్కడుందో నాకు తెలుసు. అది..."

తెర తెల్లబడింది. అలవాటు కొద్దీ లైట్లు వెలిగాయి. అలవాటు కొద్దీ మేనేజరు వెలిగించిన కర్పూరంతో లోపలికి వచ్చాడు. వచ్చి, హారతి ఎవరికివ్వాలో తెలియక నిలబడిపోయాడు. లోవమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చుని ఉంది.

"బొమ్మెయ్యండ్రా!" అని నేలమీంచి ఎవడో అరిచాడు.

లైట్లు ఆరాయి. తెరమీద రాకుమారుడు రాకుమారి మెడలో దండ వేస్తున్నాడు.

"మాంత్రికుడేడ్రా?"

"ఆణ్ణి చంపకుండా పెళ్ళేంట్రా? ఆ ముక్క ఏం చేశార్రా?"

బెంచీ ఒకటి దబ్బున తిరగబడింది. మళ్ళీ లైట్లు వెలిగాయి. మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. సత్తిరాజుకి అప్పుడర్థమైంది. ఆ ముక్క పెట్టెలోనే లేదు. ఎప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ ఆ కంతకి లోవమ్మ తన జుట్టు అడ్డం పెడుతూ వచ్చింది. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని తలుపులవైపు తోసుకుంటున్నారు. కుర్చీ కోడు ఒకటి తెరవైపు ఎగిరింది. ఈ హాలు పోతే దాని గుమ్మమూ పోతుంది, ఆ గుమ్మంలో లోవమ్మ శనక్కాయల బుట్టా పోతుంది.

లోవమ్మ అతనివైపే చూస్తోంది. మాట ఇచ్చింది కాబట్టి కదలడం లేదు.

సత్తిరాజు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు. జన్మలో గట్టిగా దగ్గి ఎరగని మనిషి ఒక్క కేక పెట్టాడు. రేకులు దద్దరిల్లాయి. వెనక నిలబడే ఆ రెండోవాడు ఎటు పోయాడో పోయాడు.

ఎత్తిన బెంచీలు ఎత్తినట్టే ఆగాయి. "ఈసారి మగాడి మీదకొచ్చిందిరో" అని ఎవరో చెంపలేసుకున్నారు. అందరికంటే ముందు లోవమ్మ పరిగెత్తుకొచ్చి అతని కాళ్ళమీద చెంబెడు నీళ్ళు పోసి, "ఇంకాస్త ఊగండి బాబూ, తల కూడా" అని గొణిగింది. జనం ఒక్కొక్కరే మోకాళ్ళమీద కూలబడ్డారు.

మేనేజరు పళ్ళెం పట్టుకుని వచ్చాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. "నా హాలు నిలబెట్టావు తల్లీ. ఏం కావాలో సెలవియ్యి" అన్నాడు, ఈసారి నటించకుండా.

అమ్మవారు ఊగుతూనే ముందుకి వంగి, అతనొక్కడికే వినపడేటట్టు అడిగింది.

"ఇంతకీ వాడి ప్రాణం ఎక్కడుందండి?"