అత్తగారు మెచ్చిన పెట్టె

కొత్త వస్తువంటే శ్రీజకి చిన్నచూపు. నిగనిగలాడే బల్ల కొంటుంది. దానికి వెలిసిపోయినట్టుండే చాక్ పెయింట్ వేస్తుంది. రంగు ఆరాక ఉప్పుకాగితం పుచ్చుకుని అంచుల దగ్గర గీకేస్తుంది. గీకేదానికి వేయడం ఎందుకని అడిగినవాడు అనాగరికుడు. ఆ ఇంట్లో అలా అడిగే అనాగరికుడు ఆమె మొగుడు అచ్యుత్ ఒక్కడే.

"వింటేజ్ లుక్ అండీ. మీకు చెప్పినా అర్థం కాదు."

నిజమే పాపం, అర్థం కాలేదు. అమలాపురంలో వాళ్లు పెచ్చులూడిన బీరువాని పెచ్చులూడిన బీరువా అనే అనేవారు.

ఇంగ్లండు వచ్చి షెఫీల్డులో ఇల్లు కొన్నాక ఆవిడ కళ మరీ ముదిరింది. ఊళ్లో ఏ చారిటీ షాపుకి వెళ్లినా ఏదో ఒకటి మోసుకొచ్చేది. కాలు విరిగిన కుర్చీ, మసకబారిన అద్దం, నడవని గడియారం. గడియారం నడవకపోవడమే అందమట. ఆఫీసుకి లేటైన రోజు అచ్యుత్ ఆ అందాన్ని తీరిగ్గా చూసి తరించేవాడు.

ఇంతలో అమలాపురం నుంచి అత్తగారు శివపార్వతి దిగింది. ఆవిడ కోసమే గృహప్రవేశం భోజనాలు ఆపి ఉంచారు. ఆవిడ మడి సంగతి చుట్టాలందరికీ తెలుసు. ఆవకాయ జాడీని చీరల్లో చుట్టి, పసిపిల్లని తెచ్చినట్టు తెచ్చింది. స్నానం చేయకుండా దాన్ని కన్నకొడుకు ముట్టుకున్నా ఊరుకోదు.

ఇల్లంతా ఒకసారి తిరిగి చూసింది.

"ఇవన్నీ ఎవరివే?"

"చారిటీ షాపులో కొన్నానండీ అత్తయ్యగారూ. అక్కర్లేనివి జనం ఇచ్చేస్తుంటారు."

"ఏ జనం?"

"అది తెలీదండీ."

"ఉన్నారో పోయారో తెలీనివాళ్లు వాడి పారేసిన సామానా! రామ రామ! ఆదివారంలోగా ఇదంతా బయటికి పోవాలి. లేదంటే నేను గరిట ముట్టను."

శ్రీజ గుండెలో రాయి పడింది. షెఫీల్డులో ఉన్న తెలుగువాళ్లందరినీ అత్తగారి చేతి వంట అని ఊరించి మరీ ఆదివారం భోజనాలకి పిలిచింది. అచ్యుత్ మాత్రం ఆ క్షణమే ఫోన్ తీసి, పాత సామాన్లు పట్టుకుపోయే కౌన్సిల్ వ్యాను బుక్ చేసేశాడు. పుట్టి బుద్ధెరిగాక అమ్మ మాట అంత చురుగ్గా విన్నది అదే మొదలు.

అన్నీ పోయినా సరే, ఒక్క పెట్టె పోతే మాత్రం శ్రీజ ప్రాణం ఒప్పుకోదు. నలుచదరంగా, బరువుగా, మోకాలి ఎత్తున్న చెక్క పెట్టె అది. మూత తీస్తే లోపల పలక, పలక మధ్య గుండ్రంగా చక్కని రంధ్రం. అందులో ఉండాల్సిన పింగాణీ పాత్ర ఎప్పుడో పగిలిపోయిందని షాపులో ఆవిడ చెప్పింది. ఏం పాత్ర అని శ్రీజ అడగలేదు. ఏ రంగు వెయ్యాలా అన్న ఆలోచనలో పడిపోయింది మరి. ఈస్టర్ సెలవులన్నీ ఆ పెట్టెకే ధారపోసింది. లేత నీలం వేసింది, గీకింది, మైనం పట్టించింది, మళ్లీ గీకింది.

"ఇదొక్కటీ ఉంచండి అత్తయ్యగారూ. నా చేతులు చూడండి, ఎలా అయిపోయాయో!" అంటూ ఏడ్చేసింది.

కోడలి ఏడుపు చూసి ఆవిడకీ మనసు చివుక్కుమంది. మూతి తిప్పుకుంటూనే వచ్చి పెట్టె మూత ఎత్తింది. లోపలికి తొంగి చూసింది. వెళ్లి, తలారా స్నానం చేసి, తడి ఆరాక జాడీ పట్టుకొచ్చి ఆ రంధ్రంలోకి దించింది.

కొలిచి చేయించినట్టు మెడదాకా దిగి కూర్చుంది.

"ఓసి పిచ్చిమొహమా! ఇది జాడీ పెట్టేనే! పింగాణీది అన్నాక ఇంకేవిటనుకున్నావు? ఎండ తగలకుండా, పిల్లలు చెయ్యి పెట్టకుండా ఎంత బాగా చేయించుకున్నారో. ఈ దేశంలోనూ మడీ ఆచారం ఉన్న మనుషులు ఉండేవారన్నమాట!"

అంతే. పెట్టెతో పాటు కుర్చీకీ, అద్దానికీ, గడియారానికీ కూడా ప్రాణభిక్ష దొరికింది. అచ్యుత్ నీరసంగా వ్యాను క్యాన్సిల్ చేసుకున్నాడు.

ఆదివారం నాడు పెట్టెకి పసుపు రాసి, బొట్టు పెట్టి, హాలు మధ్యలో ప్రతిష్ఠించారు. శివపార్వతి మూత తీసి, జాడీలోంచి తన చేత్తోనే వడ్డించింది. ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ. వచ్చినవాళ్లు వేళ్లు నాకుతూ లైను కట్టారు. దేనికైనా వంక పెట్టే సులోచన ఆంటీ కూడా మూడోసారి వచ్చి, "ఈ పెట్టె ఎక్కడ కొన్నావమ్మా? నాకూ ఒకటి చూసిపెట్టు" అంది. శ్రీజకి ఆ పూట అన్నం అక్కర్లేకపోయింది.

అప్పుడే పక్కింటి డొరొతీ పూలకుండీ పట్టుకుని వచ్చింది. ఎనభై దాటిన ముసలావిడ. పెట్టెని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యో, ఎన్నాళ్లకి చూశాను!" అంటూ దగ్గరికొచ్చి, దాన్ని ఆప్యాయంగా నిమిరింది.

శివపార్వతి మురిసిపోయింది.

"చూశావా, గుర్తుపట్టేసింది! వాళ్లింట్లో ఇందులో ఏ ఊరగాయ పెట్టుకునేవారో అడగవే."

శ్రీజ గర్వంగా ఇంగ్లీషులో అడిగింది. ముద్ద నోటి దగ్గరే ఆపి అందరూ చెవులు రిక్కించారు.

"ఊరగాయ సంగతి నాకు తెలీదమ్మా," అంది డొరొతీ, "మా తాతయ్య మాత్రం చలిలో పెరట్లోని పాయిఖానాకి వెళ్లే ఓపిక లేక, రాత్రిళ్లు మంచం పక్కనే అచ్చం ఇలాంటిదాని మీదే కూర్చునేవాడు."