పన్నెండు నంబర్లు

"నిన్నటిదాకా ఉన్న వస్తువు ఈ రోజు లేదంటే ఎలాగండీ?" ఆసుపత్రి మెకానిక్ కౌంటర్ మీద గట్టిగా చరిచాడు. "నీళ్ళ పంపు ఆగి గంటన్నరైంది. పైన ఆపరేషన్లు ఆపేశారు!"

చిన్నకోడలు మళ్ళీ నంబరు కొట్టింది. అలాంటి వస్తువే లేదంది కంప్యూటరు. పేరుతో వెతుకుదామంటే రబ్బరు సీళ్ళే మూడొందల రకాలు.

పంపుల విడిభాగాలు అమ్మే ఆ కొట్టులో ఆరువేల వస్తువులకూ ఆదివారమే కొత్త నంబర్లు వేశారు. వేసింది చిన్నకోడలు. కాపురానికొచ్చి ఎనిమిది నెలలు కాలేదు, అప్పుడే మామగారు "మా కంప్యూటరమ్మ" అంటూ వచ్చినవాళ్ళందరికీ చూపించి మురిసిపోతున్నారు. గుండ్రంగా తిరిగే కుర్చీ కూడా కొనిపెట్టారు. పద్దెనిమిదేళ్ళుగా స్టోరు చూస్తున్న పెద్దకోడలిది ఇప్పటికీ ప్లాస్టిక్ స్టూలే.

ఆ స్టూలు మీద కూర్చుని చూస్తున్న పెద్దకోడలికి లోలోపల తృప్తిగా అనిపించింది. ఆ వెంటనే ఆసుపత్రి గుర్తొచ్చి సిగ్గేసింది.

"పాత నలభై ఏడు" అంటూ లేచింది. నిచ్చెనెక్కి, వెతక్కుండానే ఒక డబ్బాలో చెయ్యి పెట్టి సీలు తీసిచ్చింది. మెకానిక్ కొలత చూసుకుని పరుగు తీశాడు.

మామగారు షట్టరు సగానికి దించారు.

"కంప్యూటరుకు దొరకనిది నీకెలా దొరికిందమ్మా?"

"వాటితో పద్దెనిమిదేళ్ళు కాపురం చేశాను మామయ్యా. కళ్ళకు గంతలు కట్టినా తీస్తాను."

అది గొప్పలు పోవడం కాదు. తను కోడలిగా వచ్చినప్పుడు ఇక్కడ అట్టపెట్టెల నిండా సరుకుల నంబర్లున్న చిరుగుల కార్డులుండేవి. వాటిని పాత కాగితాలవాడికి వేసేసి, ఒకటి నుంచి నంబర్లు పెట్టింది తనే. ఈ కొట్టులో నంబరంటే తన నంబరే. ఒక్క ఆదివారంతో అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి.

"ఇదొక్కటే కాదు మామయ్యా, పన్నెండు మాయమయ్యాయి" అంది చిన్నకోడలు. "కొత్త నంబర్లలో అంకెలు అటూ ఇటూ మార్చేశారు. రోజూ అమ్ముడుపోయే పన్నెండే చూసి మరీ మార్చారు. శుక్రవారం నేను దాచుకున్న జాబితాలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. శనివారం సరిచూడమని ల్యాప్‌టాప్ అక్కకిచ్చాను."

"అంటే నేను మార్చానంటావా?"

"నేనొచ్చిన దగ్గర్నుంచి మీరు నాతో ముఖమిచ్చి మాట్లాడారా? నా కుర్చీ వైపు మీరు చూసే చూపు నాకు తెలీదా?"

"ఆ కుర్చీ నెత్తిన పెట్టుకుని ఊరేగు. నాకేం పోయింది?"

"చూశారా మామయ్యా!"

"ఆపండి!" మామగారు పెద్దకోడలి వైపు తిరిగారు. "శనివారమంతా అది నీ దగ్గరే ఉందా?"

"పిల్లాణ్ణి ఈతకు దింపడానికి ఓ గంట బయటికెళ్ళాను. ల్యాప్‌టాప్ భోజనాల బల్ల మీదే ఉంది."

"ఆ గంటలో ఇంట్లో ఎవరున్నారు?"

"నేనున్నాగా!" కొట్టులో కిటికీ పక్కన కూర్చున్న అత్తగారు నవ్వారు. "బఠాణీలు ఒలుచుకుంటున్నాను. ఆ పెట్టె ఎక్కడ షాకు కొడుతుందోనని బల్ల ఈ చివరికి జరిగాను కూడా."

అంత కోపంలోనూ మామగారికి నవ్వొచ్చింది. సెల్‌ఫోనులో ఫోటో చూడాలన్నా ఆవిడ మనవడినే పిలుస్తారు.

"పెద్దది అలాంటిది కాదండీ" అన్నారు అత్తగారు మెల్లగా. "తను పెట్టిన నంబర్లు తీసేస్తుంటే మండదా? మండుతుంది. ఆ మంట ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏదో క్షణంలో చెయ్యి జారి ఉంటుంది. తిట్టకండి." ఆవిడ అరచెయ్యి చాచారు. "స్టోరు తాళాలు ఇటివ్వు తల్లీ. కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో."

మామగారు కాదనలేదు. పెద్దకోడలు నడుముకున్న తాళాలగుత్తి తీసింది. పద్దెనిమిదేళ్ళలో పగలు అది నడుము వదలడం ఇదే మొదటిసారి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అక్కా, ఆగండి." చిన్నకోడలు తెర మీదకు వంగింది. "ఇదేంటి? నంబర్లన్నీ వరుసలో పేరిస్తే ఈ పన్నెండూ అట్టడుగుకు పోతున్నాయి. అయ్యో, వీటిలో ఒకటి అనే అంకే లేదు! ఒకటి ఉండాల్సిన చోటల్లా ఇంగ్లిషు చిన్న ఎల్ అక్షరం కొట్టారు. చూడ్డానికి అచ్చం ఒకటిలాగే ఉంది. ఎవరైనా ఇలా ఎందుకు కొడతారు?"

పెద్దకోడలి చెయ్యి ఆగిపోయింది. తెర దగ్గరికెళ్ళి చూసింది. ఆ సన్నటి నిలువుగీత ఆమె ఎరిగినదే. చిరుగుల కార్డుల మీద, ప్రతి నంబరులోనూ.

తాళాలు గుప్పిట్లోనే ఉంచుకుని కిటికీ దగ్గరికి నడిచింది. అక్కడ బల్ల మీద, కుట్టుపూల గుడ్డ కింద, ఏళ్ళ తరబడి ఎవరూ వాడని టైపుమిషను ఉంది. గుడ్డ లాగేసింది.

"ఇలా రా. పై వరుస మీటలు చదువు."

"రెండు, మూడు, నాలుగు..." చిన్నకోడలు ఆగింది. "ఒకటేదీ?"

"లేదు. ఇలాంటి పాత మిషన్లలో ఒకటి కావాలంటే ఎల్ కొట్టాల్సిందే. దీని మీద నేర్చుకున్న వేళ్ళకి అదే అలవాటు."

"దీని మీద కొట్టేది ఎవరక్కా?"

కార్డులన్నీ గోనెసంచిలో కుక్కి తూకం వేయిస్తున్న రోజు, గుమ్మంలో నిలబడి "అన్నీ ఇచ్చేశావా?" అని అడిగిన గొంతు పెద్దకోడలికి ఇన్నేళ్ళకు మళ్ళీ వినిపించింది. వాటిని ఎవరు టైపు చేశారో ఆ రోజు తను అడగనైనా అడగలేదు.

తాళాల కోసం చాచిన చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది.

"మీరే కదా అత్తయ్యా."