లోటా నిండా మజ్జిగ

"చుక్క కింద పడిందంటే ఆ పని ఇడిసిపెట్టాల. మాట మీద నిలబడతావా మే?" అంటూ ఇమాం బాషా కిటికీ పక్క చిన్న బల్ల మీద లోటా పెట్టి, అంచుల దాకా మజ్జిగ పోశాడు.

"నిలబడతా. పడకపోతే నువ్వు నిలబడాల నాయనా," అంది ముబీనా.

"పడకపోతే సోమారం నేనే మిఠాయి పొట్లం పట్టుకోని నీ ఎనకాల కార్ఖానా గేటు దాకా వస్తా. మా బిడ్డ మేస్త్రీ అయిందని అందరి నోరూ తీపి చేస్తా. సాలునా?"

కర్నూలు నుంచి కడప వైపు పోయే ఆ బండి జంక్షన్‌లో ఆగి ఉంది. ఇక్కడ ఇంజన్‌ను విప్పి, రెండో చివరకు తెచ్చి తగిలిస్తారు. ఆ తగిలించడంలో ఎముకలు కదిలిపోతాయని ఆ దారిన తిరిగే వాళ్లందరికీ తెలుసు. అందుకే ఇక్కడ ఎవరూ టీ తాగరు, టిఫిన్ డబ్బా మూత తీయరు. అందరూ దొరికిన కమ్మీ పట్టుకుని దెబ్బ కోసం కాచుకుంటారు. దెబ్బ పడ్డాక ఇంజన్ వాణ్ని ఒక మాట తిట్టి, అప్పుడు తినడం మొదలుపెడతారు.

ముబీనా రైలు పెట్టెలు మరమ్మతు చేసే కార్ఖానాలో, పెట్టెల్ని ఒకదానికొకటి తగిలించే కప్లింగులు బిగిస్తుంది. ఈ బండి పెట్టెలన్నీ మొన్ననే వాళ్ల జట్టు చేతుల మీదుగా బయటికొచ్చాయి. ఆ జట్టుకు నువ్వే మేస్త్రీగా ఉండమని పైవాళ్లు అడిగారు. సోమవారం జవాబు చెప్పాలి. బతుకంతా బండ్లు తగిలించి రిటైరైన తండ్రేమో, ఇనుముతో ఆడపిల్లకేం పనంటూ మొండికేశాడు. ఆయన్ను కాదని ఒప్పుకోవచ్చు. కానీ ఆయన ముఖం మాడ్చుకుని ఇంట్లో కూర్చుంటే ఆ మేస్త్రీ పని ఆమెకు ఏం రుచిస్తుంది?

"కప్లింగును కింద నుంచి స్ప్రింగు మోస్తాంటాది నాయనా. ఎనక రబ్బరు బిళ్లలు ఉంటాయి. ఎంత దెబ్బ తగిలినా అవే మింగుతాయి."

"ఇనుముకు పరుపూ దిండూ ఏసినావా! నేను చూడని కప్లింగులా? ఆ దెబ్బ ఈడ, ఈడ తగల్తాది," అని వెన్ను చూపించాడు.

"బిడ్డతో పందెమేందయ్యా, పెండ్లికి పోతా పోతా," అని దౌలత్ బీ మొగుణ్ని కసురుకుంది. కసురుతూనే పెళ్లికి తీసుకుపోతున్న గాజుల పెట్టెను ఒళ్లోకి లాక్కుంది.

అంతలో ఎదుటి సీటులోని కోడుమూరు బసవన్న గొంతెత్తాడు. "పట్టుకోండప్పా, అందరూ పట్టుకోండి! ఇంజన్ వచ్చే యాళయింది!"

పెట్టె పెట్టంతా కమ్మీలు పట్టుకుంది. ఎండ కొడుతోందని ప్లాట్‌ఫారం వైపు తలుపులూ కిటికీలూ అన్నీ మూసేశారు. ఇవతల కిటికీ నిండా పక్క పట్టాల మీది గూడ్సు బండే. పైన ఫ్యాన్లు రొద పెడుతున్నాయి. ముబీనా లోటా మీద నుంచి చూపు తిప్పలేదు. లోపల భయంగానే ఉంది. బిగించిన ఒక్కో బోల్టునూ మనసులో మళ్లీ లెక్కపెట్టుకుంది. ఒక్క బిళ్ల సరిగ్గా కూర్చోకపోయినా నాయన మాటే గెలుస్తుంది.

మజ్జిగ కదల్లేదు. ఎంతసేపు చూసినా కదల్లేదు.

"ఏం బాషన్నా, ఇంకా తగిలించల్యా?" బసవన్నకు చేతులు పీకుతున్నాయి.

"యాడ తగిలించినారు! తగిలిస్తే తెలీదా? మా కాలంలో ఇంత సేపు నిలబెట్టింటే పై ఆఫీసరు తోలు తీసేటోడు."

"నాకు ఆకలైతాంది," అంది దౌలత్ బీ.

"ఉండు! దెబ్బ పడనీ," అన్నాడు ఇమాం బాషా. ఆ వెంటనే కిటికీలోంచి చూసి మండిపడ్డాడు. "చూసినావా అన్యాయం! మనం ముందొచ్చినాం. మనల్ని ఈడ కూచోబెట్టి ఆ గూడ్సుకు దారిచ్చినారు. పోతాంది చూడు, నిమ్మళంగా పెండ్లికొడుకు మాదిరి!"

"మనుషుల కన్నా సిమెంటు మూటలే ఎక్కువైపాయె," అని బసవన్న వంత పాడాడు.

ముబీనాకు నీరసం వచ్చింది. ఇంకెంతసేపు ఈ కాచుకోవడం? ఆ దెబ్బేదో పడిపోతే బాగుండు, గెలిచినా ఓడినా.

"ఉండండి, కనుక్కోనొస్తా. ఆ స్టేషన్ మాస్టరును నాలుగు కడుగుతా," అని ఇమాం బాషా లుంగీ ఎగ్గట్టి లేచాడు. ప్లాట్‌ఫారం వైపు తలుపు తెరిచిన చప్పుడు వినిపించింది. తిట్లు మాత్రం వినిపించలేదు.

వచ్చేటప్పుడు మనిషి మెత్తగా నడిచి వచ్చాడు. టోపీ చేతిలో ఉంది, జుట్టంతా రేగి ఉంది. లోటాను రెండు చేతులతో పట్టి, ఒలక్కుండా కూతురి నోటి దగ్గర పెట్టాడు.

"తాగు మే. గెలిచినావు."

"అదేంది నాయనా? ఇంకా ఇంజనే తగిలించల్యా కదా!"

ఆయన కండ్లు నిండాయి. మూతి మీద మాత్రం దాచినా దాగని నవ్వు.

"ఎప్పుడో తగిలించేసినారు. ఆ గూడ్సు ఉన్నకాడనే ఉండాది మే, కదిలిపోతాండేది మనమే."