గుమ్మడికాయ కొట్టని ఆట

పోచయ్య బూడిద గుమ్మడికాయను తెచ్చి సరిగ్గా ఫెబా బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటి పోచయ్యా?"

"కనవడ్తలేదా మేడం? గుమ్మడికాయ. సార్ తెమ్మన్నడు. నాలుగ్గంటలకు కొడతడంట. జర మీ బొమ్మల కాయితాలు జరుపుకోండ్రి, ఖరాబైతయ్."

ఫెబా పెన్సిల్ పక్కన పెట్టింది. ఫిల్మ్ నగర్‌లో ఆ కాయకు అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. షూటింగ్ ఆఖరి రోజున దిష్టి తీసి గుమ్మడికాయ కొడతారు. మర్నాటి నుంచి ఎవరి దారి వారిది. ఈ ఆఫీసు యజమాని చలపతిరావు పదకొండు సినిమాలు తీసిన నిర్మాత. పన్నెండోది తీయకుండా, ఫోన్లో ఆడుకునే ఆట ఒకటి చేయించాడు. 'బోరబండ బండి' అనే ఆ ఆట ఆ ఉదయమే విడుదలైంది. అందులో ఆటో పడుతూ లేస్తూ పరుగెత్తే బోరబండ ఎత్తుపల్లాల సందులన్నీ ఫెబా గీసినవే.

"అయిపోయింది మన పని," అన్నాడు పక్క బల్ల దగ్గర ప్రోగ్రాములు రాసే చిన్మయ్. "లోకమంతా ఇదే తంతు. ఆట బయటికొచ్చేదాకా మనతో ఊపిరాడకుండా పని చేయిస్తారు. వచ్చాక కేకు కోసి, చేతిలో ఉత్తరం పెట్టి పంపేస్తారు. మనకు కేకు బదులు గుమ్మడికాయ. అంతే తేడా."

"ఊరికే భయపెట్టకు చిన్మయ్."

"నేనా? బెంగళూరులో మా ఫ్రెండును ఆట విడుదలైన మూడో రోజే ఇంటికి పంపారు. వాడు గీసేవన్నీ ఇప్పుడు ఏఐ గీస్తోంది. దానికి టీ కూడా పోయక్కర్లేదు మరి."

గదిలో ఉన్న ఇరవై ఆరు మందీ ఆ కాయనే చూస్తున్నారు. ఫెబా ఫోన్ వెలిగింది. నోయెల్. 'బంగాళాదుంప వేపుడులో ఉప్పు సరిపోయిందా?' పెళ్లయిన ఇరవై మూడు రోజుల్లో మొదటిసారి అతనే వండి కట్టిచ్చిన బాక్సు. అసలు ఉప్పే వేయలేదు. అయినా ఒక్క ముక్క మిగల్చకుండా, నవ్వుకుంటూ తినేసింది.  వెంగళరావు నగర్లో ఇద్దరూ కలిసి మొన్ననే కిటికీలకు పసుపురంగు తెరలు కట్టుకున్నారు. ఆ ఇంటి కిరాయిలో సగం తన జీతంలోంచే పోవాలి.

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ఫెబా లేచి, మనసులోనే ఒక ప్రార్థన ముగించి, చలపతిరావు గది తలుపు తోసింది.

"రా తల్లీ! కాయ చూశావా? రైతుబజారులో దీన్ని మించింది లేదట."

"సార్, దాన్ని కొట్టకండి."

చలపతిరావు కళ్లజోడు తీశాడు. "ఏమ్మా? విడుదలైపోయిందిగా! సినిమా ఆడుతున్నప్పుడు కెమెరామెన్‌తో నాకు పనేముంటుంది?"

"ఇది సినిమా కాదు సార్. సినిమాను ఒకసారి వదిలితే ఇక మారదు. ఆట రోజూ మారుతూ ఉండాలి. వచ్చే శుక్రవారానికి కొత్త సందు, ఆ పై శుక్రవారానికి కొత్త ఆటో. లేకపోతే జనం ఇంకో ఆటకు వెళ్లిపోతారు."

"అంటే సగం వండి వడ్డించామంటావా? క్లైమాక్స్ తీయకుండా వదిలితే మా రోజుల్లో థియేటర్లో కుర్చీలు విరగ్గొట్టేవాళ్లు!"

"ఇప్పుడు ఎవరింటి కుర్చీలో వాళ్లు కూర్చుని ఆడుతున్నారు సార్. విరగ్గొట్టుకోరు."

ఆయనకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "సరే, ఆ కొత్త సందులేవో మిషన్ గీసేస్తుందటగా? మనిషి అక్కర్లేదటగా?"

"మొన్న గీయించి చూశాం సార్. హైదరాబాదులో, మన బోరబండ స్టేషన్ పక్కన సముద్రం గీసింది. పడవ కూడా పెట్టింది."

ఈసారి నవ్వు ఆగలేదు. నవ్వు అయిపోయాక కళ్లజోడు తుడిచి పెట్టుకున్నాడు.  బయట ఎవరో దగ్గారు.

"ఇంతకీ ఇది ఎప్పటికి పూర్తవుతుందమ్మా?"

"పూర్తి కాదు సార్."

"ఏడాదికి? రెండేళ్లకు?"

"ఎప్పటికీ కాదు సార్. ఆట బతికి ఉన్నంతకాలం ఎవరో ఒకరు చేస్తూనే ఉండాలి. పూర్తయిందంటే చచ్చిపోయిందనే లెక్క."

చలపతిరావు కుర్చీలోంచి లేచాడు. తలుపు తెరిచి, గదంతా వినిపించేలా పిలిచాడు.

"పోచయ్యా! ఆ కాయ ఇంటికి తీసుకుపో. వడియాలు పెట్టుకోండి."

"కొట్టరా సార్?"

"కొట్టేది లేదు. ఈ పనికి ఆఖరి రోజే లేదట, ఈ అమ్మాయి చెప్పింది. మన యూనిట్లోంచి ఒక్క మనిషి కూడా కదలడానికి వీల్లేదు!"

గది ఈలలతో మోగిపోయింది. చిన్మయ్ ఏకంగా బల్లెక్కి చిందులేశాడు. ఫెబాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అంతలోనే ఫోన్ మోగింది.

"ఫెబా! నాకు వారం సెలవిచ్చారు!" నోయెల్ అరుస్తున్నాడు. "సోమవారం అరకు వెళ్దాం. లోయవైపు కిటికీ ఉన్న గది దొరికింది. మీ సార్‌ను ఇప్పుడే అడుగు!"

ఫెబా గాల్లో తేలుతున్నట్టు వెనక్కి పరుగెత్తింది.

"సార్, వచ్చే సోమవారం నుంచి ఒక్క వారం సెలవు కావాలి. పెళ్లయ్యాక ఎక్కడికీ వెళ్లలేదు."

చలపతిరావు ఆమె తల మీద చెయ్యి పెట్టి, కన్నతండ్రిలా నవ్వాడు.

"ఎందుకివ్వను తల్లీ? మా పద్ధతి తెలుసుగా, పని పూర్తయిన మర్నాటి నుంచి ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు!"