పేరు లేని ఎపిసోడ్

“ఆ కప్పు కింద పెట్టు తల్లీ. నువ్వు తలుపు వైపే చూస్తుంటే కోకో అంతా నా ఒళ్ళోకే వచ్చేట్టుంది,” అంది సలోటే అత్త.

సెఫీనా కప్పు బల్ల మీద పెట్టి చేతులు ఒళ్ళో దాచుకుంది. బయట మాంగెరె ఊరంతటా వాన. స్టూడియో రేకుల మీద ఒకటే మోత. పొడుగు బల్ల చుట్టూ సీరియల్ నటులందరూ కూర్చున్నారు. గోడవారగా కుర్చీల్లో రచయితలు, రచయితలు కావాలనుకునేవాళ్ళు. కొత్త ఎపిసోడ్ కాగితాలు ఇంకా రాలేదు.

సెఫీనా కూతురు పెపెకి ఇంకా నడక రాలేదు. అత్త ఒళ్ళో కూర్చుని ఆవిడ చెవి తమ్మె లాగుతోంది.

“ఒసే పెపే, ఇది నా చెవే! మీ అమ్మది లాక్కోరాదూ!”

“నిద్రొస్తే అంతే అత్తా. చెవి దొరక్కపోతే పడుకోదు.” సెఫీనా మళ్ళీ తలుపు వైపు చూసింది.

అత్త ఆమె వైపు వంగింది. “ఎందుకే అంత భయం? చంపితే నన్ను చంపుతారు. ముసలిదాన్ని, ఖర్చు తక్కువ.”



ఈసారి సీరియల్ కుటుంబంలో ఒకరు పోవాలని ఛానెల్ వాళ్ళు చెప్పారు. ఎవరన్నది రాసేవాళ్ళ ఇష్టం. పోయినవాళ్ళు ఇక స్టూడియోకి రానక్కర్లేదు.

సెఫీనా బడి మధ్యలో మానేసి ఇక్కడికి బట్టలు కుట్టడానికి వచ్చింది. తర్వాత మొహాలకి రంగులు వేసింది. పిల్లల కార్యక్రమంలో గుడ్డ తాబేలు బొమ్మకి గొంతిచ్చింది. ఒకరోజు ఎవరో రాకపోతే నర్సు బట్టలు తనే తొడుక్కుని కెమెరా ముందుకెళ్ళింది. అప్పట్నుంచీ నర్సు మాలియా ఆమే; కథలో మాలియా ఆ కుటుంబానికి కోడలైంది. పెపె పుట్టాక మాలియాకి మాటలు తగ్గిపోయాయి. ట్రే పట్టుకుని వస్తోంది, వెళ్తోంది. వెనక్కి వెళ్దామంటే కుట్టుగది మూసేశారు. తాబేలు కార్యక్రమం ఆగిపోయింది. ఇంట్లో సంపాదించేది ఆమె ఒక్కతే. టీవీలో ఏదో ఒక పని లేకపోతే పాపని ఎలా పెంచాలో ఆమెకి తెలీదు.

నిర్మాత రేవా కాగితాల కట్టతో లోపలికొచ్చింది. “ఇవి తలుపు దగ్గర పెట్టెలోంచి తీసినవి. ఎవరు రాశారో నాకూ తెలీదు.”

కొత్తవాళ్ళ రాతకి ఇక్కడి పద్ధతి అది. పేరు లేకుండా పెట్టెలో వెయ్యాలి. బల్ల చుట్టూ అందరూ పైకి చదువుతారు. నచ్చితే రాసినవాళ్ళు లేచి నిలబడతారు, రచయితల గదిలో వాళ్ళకో కుర్చీ పడుతుంది. నచ్చకపోతే కదలకుండా కూర్చుంటే చాలు, పరువైనా మిగులుతుంది.

“ఆ కలమేదో నాకే ఇవ్వొచ్చుగా రేవా?” అంది సలోటే అత్త.

“నటులకిస్తే ఇంకేమైనా ఉందా అత్తా? ఎవరి పాత్రకి వాళ్ళే పూలదండలేసుకుంటారు!”

బల్ల చుట్టూ నవ్వులు. సెఫీనా మాత్రం చేతికొచ్చిన కాగితాలు గట్టిగా పట్టుకుంది.

చదవడం మొదలైంది. అందరి మాటలకీ సెఫీనా పెదాలు కదులుతున్నాయి.

“నీ మాటలు నువ్వు చూసుకోవే,” అని అత్త మోచేత్తో పొడిచింది.

చివరి సీను వచ్చింది. ఆసుపత్రి మంచం మీద పక్కన పసిపాపతో ఉన్నది నర్సు మాలియా.

ఎవరో “అయ్యో” అన్నారు. అత్త కళ్ళద్దాల పైనుంచి సెఫీనాని చూసింది. సెఫీనా తలెత్తలేదు. తన మాటలు తను చదివింది.

“పాప రాత్రి ఏడిస్తే పాటలు పాడకండి అత్తయ్యా. చెవి తమ్మె అందివ్వండి, చాలు. నాది అనుకుని పడుకుంటుంది.”

సీరియల్లో మాలియా అత్తగారిగా వేసేది సలోటే అత్తే, జవాబు ఆవిడే చదవాలి. నోరు తెరిచింది. మాట రాలేదు. ఒళ్ళో పెపె ఆవిడ చెవి పట్టుకుని అప్పుడే కళ్ళు మూస్తోంది.

అత్త కాగితాలు బల్ల మీద విసిరికొట్టింది. “నేను చదవను! ఎవడు రాశాడిది? వాడికి తల్లి లేదా? పసిపిల్ల తల్లిని రోడ్డు మీదకి తోస్తారా?”

“అత్తా, వద్దు...” అంది సెఫీనా.

“నువ్వు నోర్మూసుకో. నీకు మాట్లాడ్డం చేతకాదనే నేను మాట్లాడుతున్నాను. రేవా, నన్ను చంపుకో. దీని జోలికొస్తే మాత్రం నేను రేపట్నుంచి రాను.”

“మేమూ రాం,” అన్నారు బల్ల అవతలివాళ్ళు. ఒకరిద్దరు లేచి సలోటే అత్త వెనక నిలబడ్డారు.

రేవా నుదురు రుద్దుకుంది. “సరే, సరే. ఇది పక్కన పడేద్దాం. పెట్టెలో ఇంకోటుంది, అందులో పెద్దాయన పోతాడు. అది చదువుదాం.” కాగితాలు వెనక్కి పోగుచేయడం మొదలుపెట్టింది.

సెఫీనా తన ముందున్న కాగితాల మీద రెండు చేతులూ వేసి అదిమిపట్టింది.

“ఇవ్వు సెఫీనా. నీ గండం గడిచింది,” అంది రేవా.

“మాలియాని చంపెయ్యండి,” అంది సెఫీనా.

సలోటే అత్త చప్పున ఆమె వైపు తిరిగింది.

“పిచ్చిపట్టిందే నీకు? రేపు పాలడబ్బా ఎవరు కొంటారు, మాలియా దయ్యమా?”

“అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను, అడ్డుపడకు. నిజం చెప్పు. చదువుతుంటే నీకు మాటెందుకు ఆగింది?”

సలోటే అత్త కళ్ళు తుడుచుకుంది. “బాగుంది కాబట్టి,” అంది. “పాడు రాత! బాగుంది.”

రేవా అందరి మొహాలూ చూసింది. ఎవరూ కాదనలేదు. చేతిలోని కాగితాలు మళ్ళీ బల్ల మీద పెట్టింది.

“అయితే ఇదే తీద్దాం. రాసినవాళ్ళు లేవండి.”

అందరూ గోడవార కుర్చీల వైపు తిరిగారు. అక్కడ ఎవరూ కదల్లేదు.

సెఫీనా లేచి నిలబడింది.